యార్కు నగర ప్రాకారము

శత్రువు నాపుటకు గోడ కట్టుదురు. శత్రుభయము తీరిన పిమ్మట ఆ గోడను కాపాడువా రెవరు? ఇంగ్లండు ఉత్తరభాగమున ఊజ్ నదీతీరమున వెలసిన యార్కు నగరచరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

లండనులోని కింగ్స్ క్రాస్ స్టేషనునుండి యార్కునకు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణము. శనివారము ఉదయము బయలుదేరిన యాత్రికుడు మధ్యాహ్నమునకు పూర్వమే ప్రాకారముపై నడువవచ్చును. స్టేషను దాటగానే పచ్చిక మొలచిన మట్టికట్టపై తెల్లని సున్నపురాతిగోడ కన్పట్టును. దాని పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు. వసంతమున ఆ కట్టనిండ డాఫొడిల్ పూలు విరియును.

క్రీ. శ. 71లో రోమను సైన్యమునందలి తొమ్మిదవ దళము ఇచట శిబిరము నెలకొల్పెను. దాని పేరు ఎబొరాకమ్. 306లో కాన్‌స్టాంటియస్ చక్రవర్తి ఇచట మరణింపగా, సైనికులు ఆతని కుమారుడైన కాన్‌స్టంటైనును ఇచటనే చక్రవర్తిగా ప్రకటించిరి. మ్యూజియము తోటలోని పలుకోణముల బురుజునకు అడుగుభాగము నేటికిని రోమనుల కట్టడమే. 866లో నగరము డేనుల వశమయ్యెను. వారి భాష వీధుల పేర్లలో నిలిచినది. ఈ ఊరిలో ‘గేట్’ అనగా వీధి. నగరద్వారమును ‘బార్’ అందురు. కావున మికిల్‌గేట్ బార్ అనగా పెద్దవీధి తలవాకిలి. నేడు కనబడు గోడలో అధికభాగము 13, 14 శతాబ్దులలో నిర్మింపబడినది.

గోడలు కొందరికి రక్ష, కొందరికి ఉచ్చు. 1190 మార్చిలో నగరమందలి యూదులు సుమారు 150 మంది, అల్లరిమూకకు వెరచి, రాజు కోటలోని కొయ్యబురుజున తలదాచుకొనిరి. ముట్టడి బిగియగా పెక్కుమంది ఆత్మహత్య గావించుకొనిరి. అభయవచనము నమ్మి వెలుపలికి వచ్చినవారిని మూక వధించెను. పిమ్మట మిన్‌స్టరు చర్చిలో భద్రపరచిన అప్పుపత్రములను దగ్ధము చేసిరి. ఆ స్థలముననే తరువాత లేచిన రాతికట్టడము క్లిఫర్డు బురుజు. దాని మెట్లయొద్ద 1978లో ఆ మృతుల స్మృత్యర్థము శిలాఫలకము నుంచిరి.

1644లో రాజపక్షమువారి యధీనమున నున్న నగరమును పార్లమెంటు, స్కాట్లండు సైన్యములు ముట్టడించెను. జులై 2న మార్‌స్టన్ మూర్ రణమున రాజసైన్యము ఓడెను. 16న నగరము లొంగెను. చర్చీలకు హాని చేయరాదని లొంగుబాటు షరతులలో వ్రాసికొనిరి. విజేతలలో నొకడైన సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్ యార్క్‌షైరువాడు, మాట నిలిపెను. 1405–1408 నడుమ జాన్ థార్న్‌టన్ రూపొందించిన మిన్‌స్టరు తూర్పుకిటికీ రంగుటద్దములను నేటి యాత్రికుడు చూడగలుగుట ఆ మాట చలువయే.

గోడకు అసలు గండము శాంతికాలమున వచ్చెను. 1800లో నగరసభయే దానిని పడగొట్టుటకు అనుమతి కోరెను. మరమ్మతులకు ధనము చాలదు, ఇరుకు ద్వారములలో బండ్లు సాగవు అనునవి కారణములు. రెండును అసత్యములు కావు. అయినను పౌరులు ఎదురుతిరిగిరి. యార్కులో జన్మించి లండనులో పేరుగాంచిన చిత్రకారుడు విలియం ఎట్టీ తన ఊరి గోడకై పట్టుపట్టెను. చందాలు వసూలుచేసి నడకబాట బాగుచేసినవారు సామాన్యులు. కొంత నష్టము తప్పలేదు: మూడు ప్రధానద్వారములముందరి రక్షణకట్టడములు కూలిపోయెను; వామ్‌గేట్ బార్ ముందరిది మాత్రము మిగిలెను. రైలుమార్గమునకై గోడను తొలిచి కమాను లమర్చిరి.

నేడు ప్రాకారముపై నడుచుటకు రుసుము లేదు. ఆదివారము ఉదయము మిన్‌స్టరు గంటలు వినుచు బూథమ్ బార్‌నుండి మంక్ బార్‌వరకు నడచినచో, ఒకవైపు మిన్‌స్టరు శిఖరములు, ఇళ్ల పెరటితోటలు, మరొకవైపు కందకము కనబడును. ఈ గోడ నిప్పుడు ఏ శత్రువును ఆపుట లేదు. దానిని కట్టించినవారు పాలకులు, నిలుపుకొన్నవారు పౌరులు. కట్టించినవారి పేర్లు చరిత్రగ్రంథములలో దొరకును. చందా యిచ్చినవారిలో పలువురి పేర్లు ఎవరికిని గుర్తులేవు. గోడమాత్రము నిలిచియున్నది.