సైనికుని మెడ – శస్త్రచికిత్స చరిత్ర

జిరాఫీ మెడలో ఎన్ని పూసలున్నవని తరగతిలో అడిగి చూడండి. పాతిక అనీ, ముప్పై అనీ జవాబులు వస్తాయి. నిజానికి ఉన్నవి ఏడే. మనిషికీ ఏడే, ఎలుకకూ ఏడే. ఈ ఏడు పూసల దొంతరమీద సుమారు 5 కిలోల బరువుగల తల నిలిచి, అన్ని వైపులకూ తిరుగుతూ ఉంటుంది. పూసల నడుమ మెత్తని బిళ్లలున్నవి. పూసల లోపలి కాలువలో చిటికెన వ్రేలంత లావున వెన్నుపాము దిగుతుంది. ఊపిరి తీయడానికి, చేతులు కాళ్లు ఆడించడానికి, మలమూత్రాలను అదుపులో ఉంచుకొనడానికి మెదడు పంపే ఆజ్ఞలన్నీ ఆ సన్నని దారిన పోవలసిందే.

విరిగిన కాలును సరిచేయబోయి వైద్యుడు పొరబడితే కుంటితనము మిగులుతుంది. మెడ దగ్గర పొరబడితే మనిషే మిగలకపోవచ్చు. అలాగని చేతులు ముడుచుకొని కూర్చుంటే ఉన్న సత్తువ కూడా పోవచ్చు. కోయడమా, వేచి ఉండడమా అనే ఈ తూకము చాలావరకు యుద్ధములో దెబ్బతిన్న సైనికుల మూలముగానే నేర్చుకొనబడింది. అందుచేత ఆ కథ సైనికులతోనే చెప్పవలసి ఉన్నది.

1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికా దేశీయుడు ఈజిప్టులోని లక్సర్ పట్టణములో ఒక పాత పాపిరస్ చుట్టను కొన్నాడు. దానిని బ్రెస్టెడ్ అనే పండితుడు 1930లో అనువదించి ప్రకటించాడు. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఆ వ్రాతలో 48 రోగుల సంగతులున్నవి. తలతో మొదలై వరుసగా క్రిందికి దిగుతాయి. వారు సైనికులని కొందరు, పెద్ద కట్టడాలలో పనిచేసినవారని కొందరు అంటారు. బహుశా ఇద్దరూ ఉండి ఉంటారు. పరీక్ష ముగిసిన తరువాత ఆ వైద్యుడు మూడు మాటలలో ఒకటి చెప్పుతాడు: చికిత్స చేస్తాను, పెనుగులాడి చూస్తాను, ఇది చికిత్స చేయదగినది కాదు. మెడ బెణికినవానికి మొదటి మాట దక్కింది. తొలినాడు పచ్చిమాంసము కట్టి, తరువాత తేనె పూయమన్నాడు. మెడపూస తొలగి, తన చేతులు కాళ్లు ఉన్నట్టే తెలియని 31వ రోగికి దక్కినది మూడవ మాట. ఒకే మెడకు రెండు తీర్పులు! పూసకు తగిలిన దెబ్బ వేరు, వెన్నుపాముకు తగిలిన దెబ్బ వేరు అని ఆ పేరు తెలియని వైద్యుడు అప్పుడే కనిపెట్టాడన్నమాట.

ఆ మూడవ తీర్పు మూడువేల సంవత్సరాలకు పైగా చెల్లుబాటైంది. 1914–18 యుద్ధములో వెన్నుపాము తెగిన సైనికులలో ఎక్కువమంది కొద్ది వారాలలో, కొద్ది నెలలలో పోయారు. వారిని చంపినది చాలావరకు తుపాకిగుండు కాదు. ఒకేవైపు పడుకొని ఉండగా పడిన పుండ్లు, మూత్రాశయములో చేరిన చీము చంపినవి.

1945 డిసెంబరు 9న, యుద్ధము ముగిసిన ఏడు నెలలకు, అమెరికా సేనాని జార్జి పాటన్ జర్మనీలో మాన్‌హైమ్ దగ్గర వేటకు పోతూ ఉండగా ఒక సైనిక లారీ ఆయన కారుకు అడ్డు తిరిగింది. కారు పెద్ద వేగములో లేదు. తక్కినవారు స్వల్పముగా తప్పించుకొన్నారు. పాటన్ మెడలో మాత్రము మూడవ పూస విరిగి, నాల్గవదానిమీదనుండి తొలగింది. మెడనుండి క్రిందికి శరీరమంతా చచ్చుబడింది. హైడెల్‌బర్గులోని సైనిక వైద్యశాలలో ఆయన పుర్రెకు క్రచ్‌ఫీల్డు పట్టకారు బిగించారు. ఇది 1933లో ప్రకటించబడిన సాధనము. పుర్రెకు ఇరువైపులా చిన్న గుంటలు తొలిచి, పట్టకారు కొనలు వాటిలో నిలిపి, దానికి కట్టిన త్రాటిని కప్పీమీదుగా వేసి బరువు వ్రేలాడదీస్తారు. తొలగిన పూసలు మెల్లగా ఎడమై తమ చోటికి చేరుకొంటాయి. బావి గిలకనుగూర్చి చదివే విద్యార్థికి ఇందులో తెలియని సూత్రమేమీ లేదు. పాటన్ పుర్రెమీద ఆ పట్టకారు జారిపోతూ వచ్చింది. అప్పుడు ఆక్స్‌ఫర్డునుండి వచ్చిన హ్యూ కెయిర్న్స్ సలహామీద చెంపయెముకల క్రింద కొక్కెములు తగిలించారు.

అమెరికానుండి గ్లెన్ స్పర్లింగ్ అనే నాడీ శస్త్రవైద్యుని విమానములో పిలిపించారు. శస్త్రచికిత్స వలన లాభములేదని వైద్యులు తేల్చారు. మళ్లీ గుర్రమెక్కగలనా అని సేనాని అడిగినప్పుడు స్పర్లింగ్ లేదని నిజమే చెప్పాడు. నా దృష్టిలో ఆ వైద్యశాలలో జరిగిన పనులలో అన్నిటికంటె కష్టమైనది అదే. డిసెంబరు 21న ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ అడ్డుపడి పాటన్ మరణించాడు. సైన్యాధిపతికి దొరికిన చికిత్సకూ సామాన్య సిపాయికి దొరికినదానికీ పెద్ద తేడా లేదు. అంతకు మించిన చికిత్స అప్పటికి ఎవరివద్దా లేదు.

ఈ స్పర్లింగే అంతకు ముందు సంవత్సరము, 1944లో, స్కోవిల్ అనే సహచరునితో కలిసి మరొక రకపు మెడజబ్బును గూర్చి వ్రాశాడు. పూసల నడుమ బిళ్ల చిట్లి ప్రక్కకు పొంగితే చేతికి పోయే నాడి నలుగుతుంది. భుజమునుండి వ్రేళ్లదాకా నొప్పి మెరుపువలె పాకుతుంది. తలను నొప్పివైపు వంచి, నడినెత్తిమీద అదిమితే ఆ నొప్పి బయటపడుతుంది. నేటికీ వైద్యులు దీనిని స్పర్లింగ్ పరీక్ష అనే అంటారు. (విద్యార్థులు దీనిని ఒకరిమీద ఒకరు చేసి చూడరాదు.)

బ్రిటనులో, 1944 ఫిబ్రవరి 1న, స్టోక్ మాండవిల్ వైద్యశాలలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకోసము ఒక విభాగము తెరిచారు. దాని అధిపతి లుడ్విగ్ గుట్‌మన్, నాజీల హింసకు జర్మనీ విడిచివచ్చిన యూదు వైద్యుడు. ఆయన కత్తికి వ్యతిరేకి. దెబ్బతగిలిన వెంటనే పూసల వెనుకభాగము తీసివేస్తే మెడకున్న కాస్త నిలకడా పోతుందని వాదించాడు. దిండ్లు అమర్చి మెడను సరియైన వంపులో ఉంచడము, రాత్రింబగళ్లు గంటలు లెక్కపెట్టి రోగిని ప్రక్కకు తిప్పడము, మూత్రనాళపు శుభ్రత: ఆయన ఆయుధాలు ఇవే. ఇంత సామాన్యమైన పనులతో చావు వెనుకంజ వేసింది. బ్రతికినవారికి పని కావాలి, ఆట కావాలి. 1948 జూలై 29న చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది విలువిద్య పోటీలో పాల్గొన్నారు. ఆ పోటీయే పారాలింపిక్ క్రీడలకు మూలము. 1965 యుద్ధములో గుండ్లు తగిలి నడుము క్రింద చచ్చుబడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో స్వర్ణపతకము గెలిచినది ఈ క్రీడలలోనే. జరిగిన ఊరు హైడెల్‌బర్గు! పుణె దగ్గర ఖడ్కీలో ఇటువంటి సైనికులకోసము 1974లో ఒక పునరావాస కేంద్రము వెలసింది.

అయితే గుట్‌మన్ మాట అన్ని మెడలకూ వర్తించదు. 1952లో లండనులో రస్సెల్ బ్రెయిన్ (పేరుకు తగినట్టు నాడీవైద్యుడే) తన సహచరులతో కలిసి మూడవ రకమును వివరించాడు. వయసుతో బిళ్లలు ఎండి, పూసల అంచులు మొటిమలుగా పెరిగి, వెన్నుపామునే మెల్లగా నొక్కివేస్తాయి. ఇందులో నొప్పి అంతగా లేకపోవచ్చు. చొక్కా బొత్తాములు పట్టుబడవు, వ్రాత చెడుతుంది, నడక తూలుతుంది.

దీనికి దారి మెడ ముందునుండి దొరికింది. 1955లో బాల్టిమోరులో రాబిన్సన్, స్మిత్ అనేవారు ఆ పద్ధతిని మొదట ప్రకటించారు. గొంతు ప్రక్కన కోసి, శ్వాసనాళమును, అన్ననాళమును ఒకవైపుకు, పెద్ద రక్తనాళాలను రెండవవైపుకు తప్పిస్తే పూసలు ఎదుటనే కనబడతాయి. చెడిన బిళ్లను తీసి, తుంటియెముక ముక్కను అక్కడ ఇరికిస్తే రెండు పూసలు అతికి ఒకటవుతాయి. 1958లో హోనొలూలూలోని క్లోవర్డ్ గుండ్రని బెజ్జము తొలిచి, ఎముకను బిరడావలె దిగగొట్టాడు. 1941లో పెరల్ హార్బరుమీద బాంబులు పడినప్పుడు పగిలిన తలలకు శస్త్రచికిత్స చేసినవాడు ఆయనే.

అతికిన పూసలు కదలవు. ఆ శ్రమ ప్రక్క పూసలమీద పడుతుంది. 374 రోగులను పరిశీలించిన అమెరికా వైద్యులు, పదేండ్లలో నాలుగింట ఒకరికి ప్రక్క పూస దగ్గర కొత్త బాధ రావచ్చునని 1999లో లెక్కగట్టారు. కదిలే కృత్రిమ బిళ్లలు ఈ చిక్కుకు పరిష్కారముగా వచ్చినవే; అమెరికాలో మెడకు అటువంటిది 2007లో మొదట అనుమతి పొందింది.

నేటి మాజీ సైనికుని మెడ గుండుకంటె బరువువలన ఎక్కువగా అరుగుతుంది. యుద్ధవిమానము 9 ‘జి’ త్వరణముతో మలుపు తిరిగినప్పుడు, శిరస్త్రాణముతో కలిపి 6 కిలోల తల మెడకు 54 కిలోలుగా తోస్తుంది. చీకటిలో చూచే అద్దాలు తగిలించుకొన్న హెలికాప్టరు చోదకునికి తల బరువంతా ముందుకు ఒరుగుతుంది. పదవి విరమించిన పిమ్మట అతడు ఎం.ఆర్.ఐ. చిత్రము చేతబట్టుకొని వైద్యునివద్ద కూర్చుంటాడు. చిత్రములో పొంగిన బిళ్ల కనబడుతుంది. ఐతే ఏ బాధా లేని 63 మందిని 1990లో ఇట్లే చిత్రించి చూస్తే, 40 ఏండ్లు దాటినవారిలో నూటికి 28 మంది మెడలో దోషము కనబడింది. కాబట్టి చిత్రము ఒక్కటే చాలదు.

చేతికి పాకే నొప్పి మాత్రమే ఉంటే వేచి చూడవచ్చు. స్వీడనులో 81 మందిని మూడు భాగాలుచేసి కొందరికి శస్త్రచికిత్స, కొందరికి వ్యాయామ చికిత్స, కొందరికి మెడపట్టీ ఇచ్చారు. మూడు, నాలుగు నెలలకు కోయించుకొన్నవారే సుఖముగా ఉన్నారు. మరొక సంవత్సరము గడిచేసరికి మూడు జట్లకూ నొప్పిలో తేడా లేదు. త్వరగా పనిలో చేరవలసినవానికి ఆ మొదటి నెలలే ముఖ్యము కావచ్చు. గొంతు బొంగురుపోవడము, మింగుడుపడకపోవడమువంటి ముప్పులకు జంకేవాడు రెండవదారి పట్టవచ్చు. ఇక్కడ రోగి మాటకు వైద్యుని మాటతో సమానమైన విలువ ఉండాలని నా అభిప్రాయము.

వెన్నుపాము నలుగుతున్నప్పుడు లెక్క వేరు. బాధ స్వల్పముగా ఉన్నవారిని చెక్ వైద్యులు పదేండ్లు గమనిస్తే, కోసినవారికీ కోయనివారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. జబ్బు ముదురుతూ ఉంటే మాత్రము ఆలస్యము చేయరాదు. శస్త్రచికిత్సవల్ల కొంత మేలు కలిగినా, దాని ముఖ్యమైన పని ఇకమీద నష్టము జరగకుండా ఆపడమే; పోయిన సత్తువ అంతా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుచేత వేచి ఉండదలచినవాడు నెలల తరబడి వైద్యునికి కనబడకుండా ఉండరాదు. జపాన్ వైద్యులు 1987లో వివరించిన పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు. పిడికిలి పూర్తిగా బిగించి, పూర్తిగా తెరవాలి. పది సెకనులలో ఎన్నిసార్లని లెక్కించాలి. వెన్నుపాము బాగున్నవాడు 20 సార్లు చేయగలడు. మొదటి రాకలో 18, మూడు నెలలకు 14, ఆపైన 11 అని వైద్యుని పుస్తకములో పడితే, కోయడమా వేచి ఉండడమా అనే ప్రశ్నకు ఆ చేయే జవాబు చెప్పినట్టు.