పీర్లు
'పీర్' పారసీక పదం. ముసలివాడు, పెద్దాయన అని తొలి అర్థం. సూఫీల నోట అది గురువుకు పేరయింది. ఇరాక్‌లోని యజీదీలలోనూ ఒక పూజారి వర్గాన్ని పీర్లనే అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ఈ మాట మనిషిని దాటి వస్తువుకూ అంటుకుంది. మొహర్రంలో నిలిపే లోహపు గుర్తులే మన పల్లెల్లో పీర్లు. పండుగ పీర్ల పండుగ, నిలిపే చోటు పీర్ల చావిడి. హైదరాబాద్ పాతబస్తీలో మాత్రం ఆ గుర్తు అలం, అంటే అరబ్బీలో జెండా. అలం నిలిపే చోటు ఆషూర్‌ఖానా. ఆషూరా మొహర్రం పదో రోజు. ఖానా మన దవాఖానా, కార్ఖానాల్లో ఉన్నదే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద నీలం, పసుపు మెరుగు పెంకులతో పొదిగినవి అలం ఆకారాలే; ఎంత చూసినా తనివి తీరని పని అది. పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా అనే ఆషూర్‌ఖానా నుంచి బీబీ కా అలం ఏనుగు మీద ఊరేగుతుంది. ఇలాంటి చోట్లను కొందరు దర్గాలని రాస్తున్నారు. అది పొరపాటు. దర్గా అంటే పీరు, అంటే సూఫీ గురువు, సమాధి ఉన్న చోటు. ఆషూర్‌ఖానా అలం కోసం కట్టిన ఇల్లు.