మూడోదా? కొల్లేటి లంకల్లో పురుళ్ల కథ

ఈసారి కూర్చుని మాట్లాడుతున్నాను, ఎందుకో మీకు కనబడుతూనే ఉంది. ఏడో నెల నడుస్తోంది. వెనకాల వినిపించే గోల మా పెద్దాడిది, చిన్నదానిది. ఎడిటింగ్‌లో తీసేద్దామని చూశాను, కుదర్లేదు. ఉండనివ్వండి, ఈ ఎపిసోడ్ వాళ్ల గురించే కదా.

మొన్న తాడేపల్లిగూడెం వెళ్లాం, మా అత్తగారింటికి. ఉల్లిపాయల మార్కెట్ దగ్గర ఆవిడకి తెలిసినావిడ ఒకరు ఎదురయ్యారు. నా పొట్ట వైపు చూశారు, పిల్లలిద్దరి వైపు చూశారు, "మూడోదా?" అన్నారు. ఆ ఒక్క మాటలో ఆశ్చర్యం, జాలి, కాస్త చీవాట్లు అన్నీ ఉన్నాయి. "అవునండి, అలా అయిపోయింది" అన్నారు మా అత్తగారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఇంటికొచ్చాక నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మని ఈ ప్రశ్న ఎవరూ అడిగుండరు. ఆవిడకి ఎనిమిది కాన్పులు. దక్కింది నలుగురు.

అమ్మమ్మది కొల్లేటి లంక. తెలియని వాళ్ల కోసం చెప్తాను. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడు కాలవలు, డ్రైన్లు వచ్చి ఇందులోనే పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వానలు గట్టిగా పడితే లంకలు నిజంగానే లంకలైపోతాయి. రోడ్లు పడకముందు అక్కడ బస్సు తాటి దోనె, అంబులెన్సూ తాటి దోనే. తాటి మొద్దు తొలిచి చేస్తారు దాన్ని, గడ వేసి నడుపుతారు. మా అమ్మ పుట్టిన రాత్రి పక్క లంకలో ఉన్న మంత్రసాని కోసం దోనె పంపారట. ఆవిడ వచ్చేసరికి మా అమ్మ పుట్టేసి, ఏడ్చి, నిద్రపోయింది కూడా. మంత్రసాని బొడ్డు కోసి, అమ్మమ్మకి వేణ్నీళ్లు పోసి, చీర, బియ్యం తీసుకుని తెల్లారాక వెళ్లిందట. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు. మిగతా నాలుగు కాన్పుల కథలు మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక చిన్న సంగతి గమనించండి. మీ తాతల తరంలో పెంటయ్య, పుల్లయ్య, పుల్లమ్మ లాంటి పేర్లు విన్నారా? వినగానే మనకి నవ్వొస్తుంది. పెంట అంటే చెత్తకుప్ప. పుల్లాకు అంటే తినేసి పారేసిన ఎంగిలి విస్తరి. వరసగా పిల్లలు పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవారు. ఇది పనికిరానిది, దీని జోలికి రాకు అని చావుకి అబద్ధం చెప్పడం అన్నమాట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 200 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అలాంటి రోజుల్లో ఆ పేరు పెట్టడానికి ఆ తల్లికి ఎంత భయం ఉండి ఉండాలి! అమ్మమ్మ తమ్ముడికీ అలాంటి పేరే ఉంది. చిన్నప్పుడు ఆయన్ని వెక్కిరించేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే "ఎక్కువ మంది పిల్లలు" అనేది అసలు సమస్యే కాదు. 1832-33లో వచ్చిన కరువుని డొక్కల కరువు అంటారు. ఎండి చచ్చినవాళ్ల డొక్కలే కనిపించేవని ఆ పేరు. అప్పటి లెక్కల్లో గోదావరి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకి పడిపోయింది. ఇరవై ఏళ్లలో దాదాపు నాలుగో వంతు మనుషులు లేకుండా పోయారు! కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లొదిలి పోయారు. ఆ తర్వాతే 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయడం, కాలవలు ఏలూరు దాకా రావడం. మనం కాటన్ విగ్రహాలకి దండలేస్తాం, మంచిదే. కానీ కాలవ నీళ్లతో వరి పండింది గానీ పురిటి మంచం దగ్గరికి డాక్టరు రాలేదు.

డాక్టరు చాలా నెమ్మదిగా వచ్చింది. "వచ్చింది" అని కావాలనే అంటున్నాను, ఎందుకంటే మగ డాక్టరుని పురిటిగదిలోకి రానిచ్చేవారు కాదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్, 1898లో అక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. మన ఇంటి ఆడపడుచు లాంటి పేరు ఇంకొకటుంది, డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. విజ్ఞాన సర్వస్వం తయారుచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారి అమ్మాయి. బెజవాడలో ప్రాక్టీసు పెట్టారు. ఊళ్లలో ఆడవాళ్లకి పురుడు పోయడంలో శిక్షణ ఇచ్చారు. ప్రసూతి, శిశుపోషణ మీద తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి కూడా గెలిచారు. చేతులు కడుక్కోండి, బొడ్డు కోసే కత్తి మరగబెట్టండి అన్న మాట ఒక ఊరికి చేరడమంటే అప్పట్లో పెద్ద విప్లవం. అది చేరని చోట బాలింతకి జ్వరం, బిడ్డకి ధనుర్వాతం.

సరే, పిల్లలు బతకడం మొదలైంది. వెంటనే ప్రభుత్వానికి ఇంకో భయం పట్టుకుంది, జనాభా ఎక్కువైపోతోందని. గోడల మీద ఎర్ర త్రికోణం వచ్చింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశం మొత్తం మీద 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ భాగం మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. ఆ కోపంతో ప్రభుత్వమే పడిపోయింది. ఆ తర్వాత నాయకులు మగవాళ్ల జోలికి పెద్దగా పోలేదు. భారమంతా ఆడవాళ్ల మీదికి వచ్చేసింది. నమ్మకపోతే ఈ లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లకి అయింది అర శాతం కూడా లేదు. మగవాళ్ల ఆపరేషన్ ఏమో చిన్నది, తేలిక, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు!

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచిగా పోటీ చేయకూడదని రాశారు. 2024 నవంబరులో మన అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ఎందుకంటే ఇప్పుడు భయం తిరగబడింది. అదే సర్వేలో మన రాష్ట్రంలో సగటున ఒక్కో స్త్రీకి 1.7 మంది పిల్లలే. ఇప్పుడు నాయకులే ఎక్కువ మందిని కనండి అంటున్నారు. మార్కెట్ దగ్గర కనిపించిన ఆవిడకి ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు. నేనైతే ఏ నాయకుడి మాట వినీ కనట్లేదు, అది వేరే విషయం.

ఇప్పుడు నా గొడవ. డాక్టరుగారు సెప్టెంబరులో డేట్ ఇచ్చారు. మొదటి రెండూ సిజేరియన్లే. 2019-21 సర్వే నాటికే రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు అలాగే అయ్యాయి లెండి. మూడోదీ అంతే, తప్పదన్నారు. మా అమ్మేమో పురిటికి లంకకే రమ్మంటుంది. మొదటి రెండిటికీ వెళ్లాను కూడా, నెలలు నిండాక ఏలూరు వచ్చి కని, మళ్లీ అక్కడికే పోయి బాలింత పత్యం, కాయం ముద్దలు, సాంబ్రాణి పొగ అన్నీ కానిచ్చుకున్నాను. కానీ ఈసారి సెప్టెంబరంటే భయంగా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది గుర్తుందా? ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి పోయాయో టీవీల్లో పెద్దగా చూపించలేదు. మా కొల్లేటిలోకే వచ్చాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి, లంకలు మళ్లీ దోనెల కాలానికి వెళ్లిపోయాయి. 2005 ఆగస్టు 15 నుంచి మనకి 108 ఉంది, నిజమే. కానీ 108 నీళ్ల మీద నడవదు కదా.

కొల్లేటి గురించి ఒక పాత కథ ఉంది. కొల్లేటికోటలో గజపతుల సేనాని ఉంటే, శత్రువులు సరస్సు నీళ్లని సముద్రంలోకి వదిలేద్దామని ఉప్పుటేరు దగ్గర కాలవ తవ్వారట. గెలుపు కోసం ఆ సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ పాయని పేరంటాల కనుమ అన్నారంటారు. చిన్నప్పుడు ఇది విని ఆ సేనాని ఎంత వీరుడో అనుకునేదాన్ని. ఆ పిల్ల తల్లి ఏమందో కథలో ఎక్కడా లేదని ఇద్దరు పిల్లలు పుట్టాకే గమనించాను.

అందుకని అమ్మతో ఖచ్చితంగా చెప్పేశాను, నేను రాను, నువ్వే ఏలూరు రా అని. రెండు రోజులు అలిగింది. "పుట్టింట్లో కాకపోతే పురుడేంటే" అంది. తర్వాత తనే ఫోన్ చేసి, ఆగస్టు ఆఖరికల్లా వస్తాను, కాయానికి మిరియాలు, శొంఠి, పిప్పళ్లు నేనే తెస్తాను, నువ్వు కొనకు, అక్కడివి మంచివి కావు అంది. మా పెద్దాడు మాత్రం ఈ కథలన్నీ విని, చెల్లాయో తమ్ముడో దోనెలోనే వస్తారని ఫిక్సయిపోయి రోజూ కాగితం పడవలు చేస్తున్నాడు.

ఇంకో సంగతి మిగిలింది. కాన్పుతో పాటే ఆపరేషన్ కూడా చేసేద్దామా అని డాక్టరుగారు అడిగారు. నేను మావారి వైపు చూశాను. అర శాతం లెక్క ఆయనకి ముందే చెప్పి ఉంచాను. "ఆలోచిద్దాం" అన్నారు. మూడు వారాలైంది, ఇంకా ఆలోచిస్తున్నారు.