పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?
భద్రాచలం మన్యంలో క్రీడా ప్రతిభను కొలిచిన తీరు

2024 డిసెంబర్ 15న బెంగళూరులో మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలం జరిగింది. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిషకు ఆ రోజుతోనే పందొమ్మిదేళ్లు నిండాయి. ఆమెకన్నా చిన్నదైన తమిళనాడు అమ్మాయి జి. కమలినిని ముంబై ఇండియన్స్ 1.60 కోట్ల రూపాయలకు తీసుకుంది. త్రిషకు మాత్రం ఐదు జట్లలో ఒక్కదానిలోనూ చోటు దొరకలేదు. సరిగ్గా ఏడు వారాల తర్వాత, 2025 ఫిబ్రవరి 2న, మలేసియాలో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. త్రిష 15 పరుగులకు 3 వికెట్లు తీసి, ఆపైన 44 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు మన చేతికందించింది. ఆ టోర్నీలో ఆమెవి 309 పరుగులు, 7 వికెట్లు. స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో చేసిన 110 పరుగులు మహిళల అండర్-19 ప్రపంచకప్ చరిత్రలోనే తొలి శతకం. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమూ ఆమెకే దక్కింది.

వేలంపాటలో కూర్చున్నవారిని తప్పుపట్టడానికి ఈ సంగతి ఎత్తుకోలేదు. ఒక పిల్ల రేపు ఏమవుతుందో ఇవాళే తేల్చి చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల్లో గత మూడు దశాబ్దాలుగా ఈ అంచనా వేర్వేరు రూపాల్లో సాగుతూ వస్తోంది. ఆ చరిత్రను వరుసగా చూస్తే మనకు పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

ప్రతిభ వెతుక్కుంటూ అడవి బాట పట్టడం మన ప్రభుత్వాలకు 1980లలో అలవడింది. విల్లు పట్టే చేతులు గిరిజన గూడేల్లోనే ఉంటాయన్న ఆలోచనతో భారత క్రీడా ప్రాధికార సంస్థ వెతుకులాట మొదలుపెట్టింది. అలా రాజస్థాన్ అడవుల్లో దొరికిన లింబారామ్ మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున బాణం వేశాడు. మన దగ్గర 1993లో హైదరాబాద్ శివార్లలోని హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల వెలిసింది. భద్రాచలం మన్యానికి దగ్గరలో, పాల్వంచ మండలం కిన్నెరసానిలో, గిరిజన పిల్లల కోసం మోడల్ క్రీడా పాఠశాల ఏర్పడింది.

హకీంపేట ఎంపిక పద్ధతి తెలుసుకోదగ్గది. నాలుగో తరగతిలో చేరబోయే పిల్లలకు మండలం, జిల్లా, రాష్ట్రం అనే మూడు మెట్లలో తొమ్మిది పరీక్షలు పెడతారు. ముందు ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగు వేగాన్ని చెబుతుంది. నిలబడి ముందుకు దూకడం, పైకి ఎగరడం కాళ్ల సత్తాను చెబుతాయి. మెడిసిన్ బాల్ విసరడంలో చేతుల బలం, అటూ ఇటూ ఆరుసార్లు 10 మీటర్లు పరుగెత్తడంలో చురుకు, 800 మీటర్ల పరుగులో దమ్ము బయటపడతాయి. చివరిది ఒళ్లు ఎంత వంగుతుందో చూసే పరీక్ష. సిఫారసుకు తావివ్వని పద్ధతి ఇది. గడియారానికీ టేపుకూ కులం, డబ్బు తెలియవు. ఈ న్యాయం చిన్నది కాదు.

అయితే టేపు ఆ రోజు కొలతే చెబుతుంది. ఎనిమిదేళ్ల వయసులో నాలుగు నెలల తేడా కూడా ఒంట్లో కనబడుతుంది. కెనడాలో రోజర్ బార్న్స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలు పరిశీలించాడు. పై స్థాయి జట్లలో జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవారే ఎక్కువని తేల్చాడు. అక్కడ వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. ఏడాది మొదట్లో పుట్టిన పిల్లవాడు తోటివారికన్నా కాస్త పెద్దగా ఉంటాడు, ఎంపికవుతాడు, మంచి శిక్షణ పొందుతాడు. చివరికి ఆ నెలల తేడానే ప్రతిభగా చెలామణి అవుతుంది. మన పల్లెల్లో ఈ చిక్కు మరింత ముదిరింది. బడిలో చేర్చేనాడు పంతులుగారు రాసిన జూన్ తేదీయే ఎందరికో పుట్టినరోజు. అసలు వయసే తెలియని పిల్ల ఎత్తును దేనితో పోల్చాలి? పైగా సరైన తిండి లేక ఆలస్యంగా ఎదిగే గూడెం పిల్ల ఆ ఒక్కరోజు పరీక్షలో వెనకబడితే, మరో అవకాశం ఆమె గడప దాకా రావడం అరుదు.

కాస్త పెద్దయ్యాక ఎంచుకున్నా అంచనా తప్పవచ్చు. అదే ఐస్ హాకీలో వృత్తి జట్లు 1963 నుంచీ యువ ఆటగాళ్లను వరుస క్రమంలో ఎంచుకుంటున్నాయి. దేశదేశాలు తిరిగే పరిశీలకులు, కొలతలు, ముఖాముఖీలు, ఇన్ని ఉన్నా తప్పులు తప్పలేదు. 1993లో మొదటి ఎంపికగా వెళ్లిన అలెగ్జాండర్ డేగ్ ఆశించిన స్థాయిని అందుకోలేదు. 1998లో 171వ పేరుగా పిలుపందుకున్న రష్యన్ పావెల్ దత్సుక్ తన తరంలోని మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడు. బక్కపలచని అతన్ని ఒక పరిశీలకుడు పట్టుదలగా గమనించి ఉండకపోతే ఆ పిలుపు కూడా వచ్చేది కాదు.

మన్యం దగ్గర ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. 2013లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలను పర్వతారోహణకు పంపాలని సంకల్పించారు. శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి. వంద మందికి పైగా పిల్లలను భువనగిరి గుట్టపై ఎక్కించారు. వారిలో కొందరిని డార్జిలింగ్ పంపారు. ఆ తర్వాత ఇంకా తక్కువమందిని లద్దాఖ్ చలిలోకి తీసుకెళ్లారు. చివరికి మిగిలినవారు ఇద్దరు. నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకున్న చర్ల మండలం నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న వాళ్లు ఎవరెస్ట్ శిఖరంపై నిలిచారు. ఇక్కడ ఎంపిక, శిక్షణ విడివిడి పనులు కావు. నేర్పుతూ చూశారు, చూస్తూ నేర్పారు. భయాన్నీ చలినీ ఇంటి బెంగనూ పిల్లలు ఎలా తట్టుకుంటున్నారో నెలల తరబడి గమనించారు. ఏ టేపూ కొలవలేనిది అదే.

త్రిష కథలోనూ ఆ నెలల, ఏళ్ల గమనింపే ఉంది. ఆమె తండ్రి రామిరెడ్డి ఒకప్పుడు హాకీ ఆడినవారు, ఫిట్‌నెస్ శిక్షకుడు. బిడ్డకు ఊహ తెలియకముందే చేతికి ప్లాస్టిక్ బ్యాటిచ్చి రోజూ బంతులు వేశారు. ఆమె కోసమే భద్రాచలం వదిలి, మూడు వందల కిలోమీటర్లు దాటి సికింద్రాబాద్ వచ్చి, సెయింట్ జాన్స్ అకాడమీలో చేర్చారు. 2023లో తొలి అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆమె ఉంది. ఆ ఫైనల్లో 24 పరుగులు చేసింది. రెండు వారాలకే జరిగిన తొలి డబ్ల్యూపీఎల్ వేలంలో శ్వేతా సెహ్రావత్, టిటాస్ సాధు వంటి సహచరులకు జట్లు దొరికాయి గానీ ఆమెకు దొరకలేదు. అయినా ఆమె ఆగలేదు, ఆడుతూనే ఉంది. చివరికి 2025 నవంబర్ వేలంలో యూపీ వారియర్జ్ ఆమెను తీసుకుంది.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. ప్రతిభను వెతికేవారికి ఇష్టమైన మాట ఇది. సగమే నిజం. ఈ అడవిలో కోయలు ఏటా ఏరుకునే ఇప్పపువ్వునే చూడండి. ఇప్పచెట్టు నాటిన ఏడాదికే పూయదు, పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. మూడేళ్లకే పూత లేదని ఎవరూ దాన్ని కొట్టెయ్యరు.

త్రిష వెంట ఆటగాడైన తండ్రి ఉన్నాడు. దుమ్ముగూడెం, చర్ల గూడేల్లోని పిల్లకు ఆ తండ్రి పాత్ర ప్రభుత్వమే పోషించాలి. నాలుగో తరగతిలో ఒక్కసారి కొలిచి వదిలేయకుండా ఆరులోనూ, ఎనిమిదిలోనూ మళ్లీ పరీక్షించాలి. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలతోపాటే ఉండి ఏళ్ల తరబడి గమనించే వ్యాయామ ఉపాధ్యాయులను నియమించాలి. మొదటిసారి ఎంపిక కాని పిల్ల పేరు కూడా జాబితాలో ఉండాలి. రెండోసారి ఆమెను వెతుక్కుంటూ ఎవరైనా ఆ గూడేనికి వెళ్లాలి.