పద్నాలుగు నెలల బ్యాండ్

డప్పులుంటేనే ఆడతానంది మార్గరీటా. లేకపోతే ఆటే లేదంది.

1950ల చివరి మాట. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వియర్ జాన్స్ అనే పత్రికా రచయిత కొత్త కళాకారులకు థియేటర్లలో పోటీలు నడిపేవాడు. చప్పట్లు ఎవరికి ఎక్కువ పడితే వాళ్లే విజేత. నచ్చకపోతే జనం లేచి వెళ్లరు, అరిచి దింపేస్తారు. అలాంటి చోట హాలు నింపే పేరు మార్గరీటా. అసలు పేరు అనితా మహ్‌ఫుద్. తండ్రి లెబనాన్ మూలాలున్నవాడు. ఆమె ఆడేది రుంబా నృత్యం. కానీ ఆ రోజు ఆమె వెంట ఉన్నది క్లబ్బుల్లో సూటు వేసుకుని వాయించే బృందం కాదు. కౌంట్ ఆస్సీ, ఆయన డప్పుల జట్టు.

కౌంట్ ఆస్సీ రాస్తాఫారీ. ఈ రోజు ఆ మాట వింటే బాబ్ మార్లే బొమ్మ, మూడు రంగుల టోపీ గుర్తొస్తాయి. అప్పట్లో మాత్రం మర్యాదస్తులు గుమ్మం తొక్కనివ్వని మనుషులు వాళ్లు. జటలు పెంచుకుంటారు, గంజాయి తాగుతారు, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడంటారు. పోలీసులు పట్టుకుంటే ముందు జుట్టు కత్తిరించేవారు. వాళ్లని టిక్కెట్టు పెట్టిన వేదిక ఎక్కించడమంటే జాన్స్‌కి గుండెల్లో రాయి పడ్డట్టే. పోస్టర్ మీద పేరేసిన నర్తకి మొండికేసింది. హాలు నిండిపోయింది. ఇక దారి లేక ఒప్పుకున్నాడు. ఆమె ఆడింది. డప్పులు మోగాయి. జనం అరిచి దింపలేదు, ఇంకా కావాలన్నారు.

ఆ తర్వాత 1960లో ప్రిన్స్ బస్టర్ అనే కుర్ర నిర్మాత అదే కౌంట్ ఆస్సీ డప్పులతో ‘ఓ కరోలినా’ రికార్డు చేశాడు. జమైకా సంగీత చరిత్రలు చాలావరకు ఇక్కడి నుంచి మొదలుపెడతాయి. నేనైతే మార్గరీటా మొండితనం నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ కథలో చివరికి ఆమె పేరు ఒక మగవాడి విషాదం కింద నలిగిపోతుంది. ముందే చెప్పకపోతే మళ్లీ చెప్పే వీలు దొరకదు.

* * *

ఆ మగవాడి పేరు డాన్ డ్రమండ్.

కింగ్‌స్టన్ అనగానే క్రికెట్ చూసేవాళ్లకి సబీనా పార్కు తడుతుంది. ఆ మైదానం ఉన్న సౌత్ క్యాంప్ రోడ్డు మీదే ఆల్ఫా బాలుర పాఠశాల కూడా ఉంది. 1880లో మొదలైన అనాథాశ్రమం ఇది. తర్వాత రోమన్ కాథలిక్ సన్యాసినుల చేతికొచ్చింది. తల్లిదండ్రులు లేనివాళ్లు, ఉన్నా సాకలేనివాళ్లు, బడి ఎగ్గొట్టి వీధులు పట్టిన పిల్లలు అక్కడికి చేరేవారు. కుట్టుపని, అచ్చుపని, వడ్రంగం, తోటపని నేర్పేవారు. ఇంకొకటి బ్యాండు. అది పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఉంది. ఆల్ఫాలో బాకా చేతికొచ్చిన పిల్లాడికి సైనిక బ్యాండులో ఉద్యోగం దొరికే ఆశ ఉండేది. అంటే సంగీతం అక్కడ కళ కాదు, పొట్టకూటి విద్య.

1943లో డాన్ అక్కడికి వచ్చాడు. బడికి పోకుండా తిరుగుతున్నాడని, తన అదుపులో లేడని తల్లే అప్పగించింది. పిల్లాడు ట్రాంబోన్ పట్టుకున్నాడు. మిగతా బాకాలకి మీటలుంటాయి, నొక్కితే స్వరం పలుకుతుంది. ట్రాంబోన్‌కి అవి లేవు. పొడుగాటి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ స్వరం ఎక్కడుందో చెవితోనే వెతుక్కోవాలి. అంగుళం తేడా వస్తే అపస్వరం. మాటలు తక్కువైన ఆ కుర్రాడికి ఆ వాయిద్యం పట్టుబడింది. కొన్నాళ్లకి చిన్నపిల్లలకి పాఠం చెప్పే స్థాయికి చేరాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్లలో రికో రోడ్రిగ్జ్ ఒకడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లిన ఆ రికో 1981లో ‘ద స్పెషల్స్’ బృందం పాట ‘ఘోస్ట్ టౌన్’లో ట్రాంబోన్ వాయించాడు. అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

ఆల్ఫాలో సిస్టర్ ఇగ్నేషియస్ అని ఒకావిడ ఉండేవారు. 1939లో చేరి 2003లో కన్నుమూసేదాకా అక్కడే. పిల్లలు సిస్టర్ ఇగ్గీ అనేవారు. ఆవిడకి బాక్సింగ్ ఇష్టం, క్రికెట్ ఇష్టం, అన్నిటికన్నా రికార్డులు ఇష్టం. జాజ్, క్లాసికల్, క్యూబా పాటలు, చివరికి వీధి పాటలు కూడా కొని దాచేవారు. శనివారాలు సన్యాసిని దుస్తుల్లోనే స్పీకర్ల ముందు నిలబడి పిల్లలకి రికార్డులు వేసి వినిపించేవారు. ఆవిడ జీవితం మీద తెలుగులో వేరే వ్యాసమే రాయాలి.

* * *

ఇంతకీ ఆ ఊళ్లో సంగీతం ఎక్కడ వినేవారు? రేడియో కొనే స్తోమత అందరికీ లేదు, క్లబ్బులు ధనికులవి. పేదలకి సౌండ్ సిస్టమ్ ఉండేది. బీరువాలంత స్పీకర్లు, యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు లారీలో వేసుకొచ్చి ఖాళీ స్థలంలో దించేవారు. చవితి పందిళ్ల ముందు డీజే పెడితే మన వీధులు ఎలా అదురుతాయో అలా అదిరేవి ఆ రాత్రులు. కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ ముగ్గురూ పోటీదారులు. వేసేవి అమెరికా నుంచి తెచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు. పాట పేరు పక్కవాడికి తెలియకుండా లేబుల్ గీకేసేవారు. అమెరికాలో ఆ రకం పాటలు తగ్గిపోయేసరికి సరుకు కరువైంది. ఇక మనమే చేసుకుందామని స్టూడియోల్లో దిగారు. ఒక దేశపు సంగీత పరిశ్రమ ఇలా మొదలైంది, సరుకు కొరతతో!

అలా పుట్టింది స్కా. తాళం వేస్తూ ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని లెక్కపెట్టండి. అంకె మీద కాకుండా అంకెకీ అంకెకీ నడుమ గిటారు, పియానో చురుక్కున తగులుతాయి. అదే స్కా. ఒళ్లు దానంతట అదే ఎగురుతుంది.

1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. దేశం మొత్తం మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. మరుసటి ఏడాది కాక్సన్ డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో సొంత స్టూడియో తెరిచాడు. అదే స్టూడియో వన్. అక్కడ రోజుకూలీకి వాయించే వాళ్లంతా 1964 మధ్యలో ఒక్కటై బ్యాండుగా కట్టుకున్నారు. అంతరిక్ష ఉపగ్రహాల మోజు నడుస్తున్న రోజులు కాబట్టి ఎవరో ‘శాటిలైట్స్’ అన్నారట. కాదు, స్కాటలైట్స్ అన్నాడు నాయకుడు టామీ మెకుక్. అందరూ నవ్వారు, పేరు స్థిరపడింది.

మెకుక్, డ్రమండ్, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్ నలుగురూ ఆల్ఫా పిల్లలే. శాక్సఫోన్ వాయించే మెకుక్, రోలాండ్ అల్ఫాన్సో ఇద్దరూ క్యూబాలో పుట్టినవారు. లాయిడ్ నిబ్ డ్రమ్స్, లాయిడ్ బ్రెవెట్ బేస్, జా జెర్రీ గిటారు. పియానో ముందు జాకీ మిట్టూ, వయసు పదహారు. పగలు స్టూడియో, రాత్రి క్లబ్బు, వాటి మధ్య తీరిక దొరికితే తూర్పు కింగ్‌స్టన్‌లో వారైకా కొండ దగ్గర కౌంట్ ఆస్సీ శిబిరం. జాజ్ చదువుకున్న బాకాలు, ఆఫ్రికా జ్ఞాపకమున్న డప్పులు అక్కడ తెల్లవార్లూ మాట్లాడుకునేవి. డాన్ అక్కడికి వచ్చేవాడు. మార్గరీటా కూడా.

ఆ ఏడాది పందొమ్మిదేళ్ల బాబ్ మార్లే, అతని మిత్రులు ‘ద వెయిలర్స్’ పేరుతో తొలి హిట్టు కొట్టారు. ఆ పాట ‘సిమ్మర్ డౌన్’. వెనక వాయించింది ఈ వాయిద్యకారులే. పాటకి కూలి ఇంత అని చేతిలో పెట్టేవారు, అంతే. రాయల్టీ అన్నది ఆ స్టూడియోల చుట్టుపక్కల వినపడని పదం.

అదే 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకి స్కా సంగీతాన్ని పంపాలనుకుంది జమైకా ప్రభుత్వం. పంపింది ఎవరిని? బైరన్ లీ అండ్ ద డ్రాగనేర్స్. హోటళ్లలో, ధనికుల విందుల్లో వాయించే చక్కటి బృందం. మంచి వాద్యకారులే, కాదనను. కానీ స్కా పుట్టింది వాళ్ల దగ్గర కాదు. పుట్టించినవాళ్లలో రాస్తా వాసన ఉంది, గంజాయి పొగ ఉంది, పేదపేటల చిరునామా ఉంది. ఏడాది ముందు 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ ఘర్షణ తర్వాత దొరికిన రాస్తానల్లా పట్టి లోపలేయించిన ప్రభుత్వం అది. స్కాటలైట్స్‌ని దేశం పేరు మీద విమానం ఎక్కించడానికి దానికి మనసొప్పలేదు.

* * *

డాన్‌కి మనసు బాగుండేది కాదు. 1960ల మొదటి నుంచీ విండ్‌వర్డ్ రోడ్డులోని బెల్‌వ్యూ మానసిక చికిత్సాలయానికి వెళ్లి వస్తూ ఉండేవాడు. ఒక్కోసారి తనే వెళ్లి చేరేవాడు. రోజుల తరబడి పలికేవాడు కాదు. వాయించడానికి వచ్చి వాయించకుండా కూర్చునేవాడు. ఆ స్థితిలోనే ‘ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్’ వంటివి కట్టాడు. నృత్యానికని చేసిన సంగీతమే, కాళ్లు ఆడుతూనే ఉంటాయి. ట్రాంబోన్ మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు వినిపిస్తుంది.

మార్గరీటా అప్పటికే ఒక పెళ్లిలో దెబ్బలు తిని బయటపడ్డ మనిషి. ఇద్దరు పిల్లల తల్లి. డాన్‌తో రాక్‌ఫోర్ట్ దగ్గర కాపురం పెట్టింది. ఆమె క్లబ్బుల్లో ఆడటం అతనికి గిట్టేది కాదు. మానేయమనేవాడు. ఆమె మానలేదు. డప్పుల కోసం పోటీలు నడిపే జాన్స్‌తో పట్టుపట్టిన మనిషి, తన కాళ్ల కోసం పట్టుపట్టదా?

1965 జనవరి 1. కొత్త సంవత్సరం, క్లబ్బులన్నీ కిటకిట. ఆ సాయంత్రం బ్యాండుకి కచేరీ ఉంది. డాన్ మందుల మత్తులో నిద్రపోయి వెళ్లలేకపోయాడంటారు. మార్గరీటా మాత్రం తన ఆటకి వెళ్లింది. తెల్లవారుజామున ఇంటికి తిరిగొచ్చింది. గొడవ జరిగింది.

ఇంకా చీకటి ఉండగానే డాన్ రాక్‌ఫోర్ట్ పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్లాడు. ఇంట్లో ఒక ఆడమనిషి కత్తితో పొడుచుకుందని, వచ్చి చూడమని చెప్పాడు. పోలీసులు వచ్చారు. మంచం మీద మార్గరీటా. ఛాతీలో ఒకటికి మించి కత్తిపోట్లు. ఎవరూ తమని తాము అలా పొడుచుకోరు.

డాన్ తరఫున వాదించిన యువ న్యాయవాది పి.జె. ప్యాటర్సన్. 1992లో ఈయనే జమైకా ప్రధాని అయ్యాడు. నిందితుడికి మతి స్థిమితం లేదని 1966లో కోర్టు తేల్చి బెల్‌వ్యూకి పంపింది. 1969 మే 6న అక్కడే చనిపోయాడు. ముప్ఫయ్యేడేళ్లు. కొట్టి చంపారని కొందరు, పగబట్టి చేయించారని కొందరు. అంత్యక్రియల దగ్గర తోటి వాద్యకారుడు లేచి గొడవపెట్టాడు, మరణ సర్టిఫికెట్టులో రాసిన కారణం నమ్మనన్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు.

డాన్ గురించి పుస్తకాలొచ్చాయి, పాటలొచ్చాయి, కవితలొచ్చాయి. చాలావాటిలో అతను వెర్రి మేధావి, దేశం అర్థం చేసుకోలేక పోగొట్టుకున్న నిధి. అది అబద్ధమని అనను. వైద్యం సరిగ్గా అందని మనిషి, కష్టానికి తగ్గ కూలి దొరకని మనిషి. అయితే బెల్‌వ్యూలో మందులు మింగిన వాళ్లు ఇంకా వందలమంది ఉన్నారు, వాళ్లంతా కత్తి పట్టలేదు. ఆడమనిషిని ఆడొద్దని శాసించడానికి జబ్బు ఉండక్కర్లేదు.

* * *

బ్యాండు ఎక్కువ కాలం నిలవలేదు. 1965 ఆగస్టుకల్లా చీలింది. పద్నాలుగు నెలలు, అంతే. అల్ఫాన్సో, మిట్టూ స్టూడియో వన్‌లో ఉండిపోయారు. మెకుక్ డ్యూక్ రీడ్ దగ్గరికి వెళ్లి సూపర్‌సానిక్స్ పెట్టుకున్నాడు. రెండు శిబిరాల్లోనూ స్కా నడక నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968 నాటికి రెగే అయింది. స్టూడియోకి ట్రాంబోన్ వాద్యకారుడు కావాలి గదా! ఆల్ఫా నుంచే విన్ గార్డన్ అనే కుర్రాణ్ని తెచ్చి ‘డాన్ డి జూనియర్’ అని పేరుపెట్టారు. పేరు కూడా స్టూడియో ఆస్తే అన్నట్టు. 1967లో, డాన్ లోపలున్నప్పుడు, స్కాటలైట్స్ ‘గన్స్ ఆఫ్ నవరోన్’ బ్రిటన్ టాప్ 40లోకి ఎక్కింది.

1983లో మిగిలినవాళ్లు రెగే సన్‌స్ప్లాష్ ఉత్సవంలో మళ్లీ ఒక్కటయ్యారు. నడివయసు దాటినవాళ్లు ప్రపంచమంతా తిరిగారు. 1990లలో రెండుసార్లు గ్రామీ నామినేషన్ వచ్చింది. 1998లో అల్ఫాన్సో లాస్ ఏంజెలెస్‌లో వేదిక మీదే కూలిపోయి, కొన్నాళ్లకి ఆసుపత్రిలో పోయాడు. మెకుక్ అదే ఏడాది పోయాడు. ఆల్ఫాలో పిల్లల్ని ఉంచుకోవడం 2014లో ఆగింది. బ్యాండు పాఠాలు ఆగలేదు.

ఇక మార్గరీటా. స్కాటలైట్స్ బతికున్న ఆ కొద్దికాలంలోనే ఆమె సొంతంగా రాసుకుని, వాళ్లు వాయిస్తుండగా ఒక పాట పాడింది. పేరు ‘ఉమన్ ఎ కమ్’. ఎవరి కోసమో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. శిక్షణ పొందిన గొంతు కాదు, అక్కడక్కడా శ్రుతి జారుతుంది, అయినా తగ్గదు. స్కాటలైట్స్ సంకలనాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. డాన్ పాటల నడుమ ఎక్కడో ఉంటుంది, వెతుక్కుని వినాలి.