తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్ విధానం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, చార్జీలు, గ్రిడ్ నిర్వహణ, పునరుత్పాదక వనరులకు ప్రోత్సాహం గురించి ప్రభుత్వాలు, నియంత్రణ మండళ్లు తీసుకున్న నిర్ణయాల చరిత్ర ఇది. దేశమంతటికీ వర్తించే చట్టాల నీడలోనే నడిచినా ఈ చరిత్రకు సొంత ఇరుసు ఒకటుంది. అది వ్యవసాయ పంపుసెట్టు. దానికి ఎంత ధరకు, ఏ వేళల్లో, ఏ ఓల్టేజీతో కరెంటు ఇవ్వాలన్న ప్రశ్న నాలుగు దశాబ్దాలకు పైగా ఎన్నికలను, సంస్థల ఖాతాలను, గ్రిడ్ నాణ్యతను, చివరికి సౌర విద్యుత్ విధానాన్ని కూడా ప్రభావితం చేసింది.

తొలి దశ

నిజాం పాలనలో హైదరాబాద్ నగర అవసరాల కోసం 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం కట్టారు. స్వాతంత్ర్యం తర్వాత 1948 విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డుల ఏర్పాటుకు దారి వేసింది. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలై ఆంధ్ర ప్రాంతానికి తొలి పెద్ద ఆధారమైంది. ఆంధ్రప్రదేశ్ అవతరించాక 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ మూడూ దాని చేతిలోనే ఉండేవి.

మొదట నీటిమీద, తర్వాత బొగ్గుమీద బోర్డు విస్తరించింది. సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం జలవిద్యుత్తును అందించగా కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాలు వాటికి తోడయ్యాయి. 1983లో రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ రావడంతో కేంద్ర సంస్థల వాటా మొదలైంది. పల్లెలకు తీగలు లాగే పనిని సహకార సంఘాలకు అప్పగించే ప్రయోగమూ జరిగింది. 1970లో పుట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, సెస్, ఆ కాలపు గుర్తుగా నేటికీ పనిచేస్తోంది.

పంపుసెట్టు, గుర్రపు శక్తి లెక్క

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ నీరు ఉండేది. తెలంగాణ, రాయలసీమల్లో రైతుకు బావే దిక్కు. హరిత విప్లవపు వంగడాలు వచ్చి, బావుల నీరు అడుగంటి, బోర్లు వేయడం పెరిగాక ఈ మెట్ట ప్రాంతాలే పంపుసెట్లకు నిలయమయ్యాయి. మొదట్లో ఈ కనెక్షన్లకు మీటర్లుండేవి. కరెంటు కాల్చినంత మేరకే బిల్లు వచ్చేది.

1970ల చివర, 1980ల మొదట్లో మీటరు స్థానంలో మోటారు సామర్థ్యాన్ని బట్టి ఏడాదికి ఇంత అని కట్టే పద్ధతి వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలుగా ఈ స్లాబును నిర్ణయించడం రైతుల్లో విశేష ఆదరణ పొందింది. ఈ మార్పుకు రెండు ఫలితాలు కలిగాయి. మీటరు చూసి బిల్లు వేసే సిబ్బంది వేధింపు, లంచాల బెడద రైతుకు తగ్గింది. అదే సమయంలో పొలానికి ఎన్ని యూనిట్లు పోతున్నాయో బోర్డుకు తెలియకుండా పోయింది. ఆ తర్వాత వ్యవసాయ వినియోగం కొలత కాకుండా అంచనాగా మిగిలింది. లైన్లలో పోయే నష్టం, దొంగ కనెక్షన్ల వాడకం కూడా ఆ అంచనాలోనే దాగేవి.

చార్జీ ద్వారా రాని సొమ్మును పరిశ్రమలు, వాణిజ్య వినియోగదారుల మీద ఎక్కువ ధర వేసి రాబట్టడం, మిగిలింది ప్రభుత్వ సబ్సిడీతో పూడ్చడం ఆనవాయితీ అయింది. సబ్సిడీ ఆలస్యమైనప్పుడల్లా లైన్ల మరమ్మతు, కొత్త సబ్‌స్టేషన్లు వెనకబడేవి. ఆ లోటు పొలంలో ఓల్టేజీ రూపంలో కనిపించేది.

సంస్కరణలు, 1998–2003

ఒడిశా, హర్యానాల తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలకు దిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమైనది. 1998లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడదీశారు. అదే ఏడాది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, వాడుకలో ఈఆర్‌సీ, ఏర్పడి చార్జీలు నిర్ణయించే అధికారం దానికి దక్కింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీని నాలుగు పంపిణీ సంస్థలకు, అంటే డిస్కంలకు, అప్పగించారు. ఒడిశాలో మాదిరిగా పంపిణీని ప్రైవేటు కంపెనీల పరం చేయకపోవడం ఇక్కడి సంస్కరణల ప్రత్యేకత. విద్యుత్ చౌర్యాన్ని కఠిన నేరంగా మార్చే సవరణ చట్టం కూడా 2000లోనే వచ్చింది.

అదే ఏడాది ఈఆర్‌సీ ఇచ్చిన తొలి టారిఫ్ ఆర్డరు చార్జీలను గణనీయంగా పెంచింది. వామపక్షాలు, కాంగ్రెస్, ప్రజాసంఘాలు రోడ్డెక్కాయి. ఆగస్టు 28న ‘చలో అసెంబ్లీ’ ప్రదర్శనపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు మరణించారు. చార్జీ పెంపు ఎంతటి రాజకీయ మూల్యాన్ని కోరగలదో పార్టీలన్నిటికీ తెలియజెప్పిన ఘటన ఇది. దేశవ్యాప్త విద్యుత్ చట్టం 2003 జూన్‌లో అమలులోకి వచ్చాక, ఉచితంగా లేదా తక్కువ ధరకు ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ మేరకు సబ్సిడీని డిస్కంలకు ముందే చెల్లించాలన్న నిబంధన ఏర్పడింది.

ఉచిత విద్యుత్

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. త్రీఫేజ్ సరఫరా రోజుకు ఏడు గంటలకు పరిమితమై, పగలు కొంత, రాత్రి కొంతగా విడతల్లో వచ్చేది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక చాలామంది రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే ఒక ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే తిరగడం మొదలుపెట్టేసరికి ఓల్టేజీ పడిపోయేది. ఓల్టేజీ తగ్గితే మోటారు ఆ పని చేయడానికే ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగు వేడెక్కి కాలిపోతుంది. ఓవర్‌లోడైన ట్రాన్స్‌ఫార్మరుదీ అదే గతి. రాత్రి వేళ నీళ్లు కట్టడానికి వెళ్లి పాముకాటుకో, విద్యుదాఘాతానికో గురైన రైతుల ఉదంతాలు ఆ కాలపు జిల్లా పత్రికల్లో తరచూ కనిపించేవి. కరెంటుకు బిల్లు లేకపోయినా మోటారు రీవైండింగు ఖర్చు మాత్రం రైతుదే.

దీనికి విరుగుడుగా చేపట్టిన ముఖ్యమైన పని హెచ్‌వీడీఎస్, అంటే అధిక ఓల్టేజీ పంపిణీ వ్యవస్థ. పాత పద్ధతిలో ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు నుంచి తక్కువ ఓల్టేజీ తీగలు చాలా దూరం పోయి పదుల మోటార్లకు కరెంటిచ్చేవి. కొత్త పద్ధతిలో 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. ఎక్కువ ఓల్టేజీ మీద తక్కువ కరెంటు ప్రవహిస్తుంది గనుక తీగల్లో నష్టం తగ్గింది. చివరి మోటారుకూ ఓల్టేజీ అందింది. కొక్కేలు తగిలించి కరెంటు లాగడం కష్టమైంది. మోటార్లకు కెపాసిటర్లు, నాణ్యమైన ఫుట్‌వాల్వులు బిగించుకోవాలన్న షరతులు కూడా ఉచిత విద్యుత్ పథకంలో చేర్చారు గానీ వాటి అమలు అంతంతమాత్రంగానే సాగింది.

గ్రిడ్ నాణ్యత: 50 హెర్ట్జ్ కథ

విద్యుత్ నాణ్యతకు రెండో కొలమానం ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్ ఉండాలి. ఉత్పత్తికి మించి వాడితే గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఓల్టేజీ ఒక ఫీడరు సమస్య అయితే ఫ్రీక్వెన్సీ గ్రిడ్‌లోని రాష్ట్రాలన్నిటి ఉమ్మడి సమస్య. 1990లలో దక్షిణ గ్రిడ్ సాయంత్రం వేళల్లో తరచూ 49 కంటే కిందికి దిగేది. రాత్రి వాడకం తగ్గినప్పుడు 50 దాటేది. కేటాయింపు మించి లాగిన రాష్ట్రానికి తగిన మూల్యం లేదు. అవసరం లేనప్పుడు ఉత్పత్తి తగ్గించినవారికి లాభమూ లేదు.

2003 జనవరి 1న దక్షిణ ప్రాంతంలో అమలైన ఏబీటీ (లభ్యత ఆధారిత టారిఫ్) విధానం ఈ లెక్క మార్చింది. ముందుగా ప్రకటించిన షెడ్యూలు కంటే ఎక్కువ లాగినా, తక్కువ లాగినా ఆ తేడాకు ధర ఆ సమయంలోని ఫ్రీక్వెన్సీని బట్టి ఉండేది. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు అదనంగా లాగితే భారీ ధర పడేది. దాంతో గ్రిడ్ త్వరలోనే కుదుటపడింది. అనుమతించిన ఫ్రీక్వెన్సీ హద్దులను కేంద్ర నియంత్రణ మండలి దశలవారీగా బిగిస్తూ 2014 నాటికి 49.90–50.05కు తెచ్చింది.

దక్షిణ గ్రిడ్ చాలాకాలం మిగతా దేశంతో ఏకకాల లయలో కలవలేదు. రామగుండం–చంద్రాపూర్ మధ్య, గాజువాక వద్ద, తాల్చేర్–కోలార్ మార్గంలో హెచ్‌వీడీసీ (అధిక ఓల్టేజీ డైరెక్ట్ కరెంటు) అనుసంధానాల ద్వారా మాత్రమే కరెంటు ఇటూ అటూ వెళ్లేది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి కోట్లమంది చీకట్లో ఉన్నా దక్షిణాది నిలబడటానికి ఇదే కారణం. అయితే ఆ ఎడమే లోటు రోజుల్లో ఇబ్బంది కూడా అయింది. కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ తగ్గి, గ్యాస్ కేంద్రాలు మూతపడిన 2012–13లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఊళ్లలో గంటల కొద్దీ కోతలు విధించాల్సి వచ్చింది. ఉత్తరాదిన మిగులు ఉన్నా ఇటు తెచ్చుకునే లైన్లు చాలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌లో చేరింది.

విభజన తర్వాత

2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో విద్యుత్ వాటాలను గత వినియోగం ఆధారంగా తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతంగా పంచారు. అనంతపురం, కర్నూలు జిల్లాలు ఆంధ్రప్రదేశ్ దక్షిణ డిస్కంలోకి వెళ్లాయి. బకాయిలపై రెండు రాష్ట్రాల మధ్య వివాదాలు తలెత్తాయి.

తెలంగాణ కొత్త థర్మల్ కేంద్రాలు, బయటి కొనుగోళ్లు, సరఫరా వ్యవస్థ విస్తరణ మీద దృష్టి పెట్టి, 2018 జనవరి 1 నుంచి సుమారు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్ మొదలుపెట్టింది. అంతకుముందు ఆటో స్టార్టర్లు తీసేయాలని రైతులను కోరింది. రోజంతా కరెంటు ఉన్నప్పుడు అవి నీటినీ, కరెంటునూ వృథా చేస్తాయన్నది ఆ పిలుపు సారాంశం. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరా వైపు వెళ్లింది. 2020లో వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీని రైతు ఖాతాలో వేసే పద్ధతిని శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. తెలంగాణ మీటర్లకు ఒప్పుకోలేదు. మీటరు తీసేసిన నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అది రాజకీయ ప్రశ్నగానే నిలిచింది.

పునరుత్పాదక విద్యుత్తుకు ప్రోత్సాహం

సంప్రదాయేతర ఇంధనానికి ప్రభుత్వ మద్దతు 1990లలోనే మొదలైంది. 1997లో యూనిట్‌కు 2.25 రూపాయలు, దానిపై ఏటా 5 శాతం పెంపు ఇచ్చే ప్రోత్సాహకం ప్రకటించారు. బయోమాస్, బగాస్, చిన్న జలవిద్యుత్ కేంద్రాలు ఆ ధర నమ్మి వచ్చాయి. 2004లో ఈఆర్‌సీ ధర సవరించడంతో కంపెనీలు కోర్టుకెక్కాయి. టారిఫ్‌పై మండలికి అధికారం ఉందంటూ సుప్రీంకోర్టు 2010 జూలైలో విషయాన్ని తిరిగి మండలికే పంపింది. ప్రోత్సాహకం ఇచ్చి తర్వాత బరువనుకోవడం ఇక్కడ అప్పటికే తెలిసిన కథ.

2003 చట్టంలోని 86వ సెక్షన్, డిస్కంలు తమ కొనుగోలులో కొంత శాతం పునరుత్పాదక విద్యుత్ ఉండేలా చూసే బాధ్యతను నియంత్రణ మండళ్లకు అప్పగించింది. 2010లో వచ్చిన జాతీయ సౌర మిషన్ సౌర విద్యుత్తుకు ఊపునిచ్చింది. 2015లో ఆంధ్రప్రదేశ్ సౌర, పవన విధానాలను ప్రకటించింది. పవన విద్యుత్తుకు ఈఆర్‌సీ యూనిట్‌కు 4.83, మరుసటి ఏడాది 4.84 రూపాయల స్థిర ధర ఇచ్చింది. గాలి బలంగా వీచే అనంతపురం, కర్నూలు, కడప మెట్టల్లో గాలిమరలు వేగంగా లేచాయి. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 1000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కు 2017లో పూర్తయి, అప్పటికి ఒకేచోట ఉన్న అతిపెద్ద సౌర పార్కుల్లో ఒకటిగా పేరొందింది. తెలంగాణ మరో దారి పట్టింది. 2015 టెండర్లలో సౌర కేంద్రాలను రాష్ట్రమంతటా సబ్‌స్టేషన్లకు దగ్గరగా విస్తరింపజేసింది. దీంతో ఉత్పత్తి వాడుక చోటికే చేరి, దూరపు లైన్ల భారం తగ్గింది.

ఒప్పందాల వివాదం

ఇంతలో స్థిర ధర స్థానంలో వేలం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర ప్రాజెక్టుకు 3.15 రూపాయలు, మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44, డిసెంబరులో గుజరాత్ పవన విద్యుత్తుకు 2.43 రూపాయల ధరలు పలికాయి. పాతికేళ్ల ఒప్పందాలు రాసుకున్న డిస్కంలకు పాత ధర బరువనిపించింది. 2019 జూలైలో కొత్తగా వచ్చిన జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం ధర తగ్గింపు కోసం కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సింగిల్ జడ్జి ఆ ఉత్తర్వును కొట్టివేసి, ధర విషయం ఈఆర్‌సీకి వదిలి, ఈలోగా పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 చొప్పున చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఆ ఏర్పాటును పక్కనపెట్టి, ఒప్పందంలోని ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలని తీర్పిచ్చింది.

పగటి సూర్యుడు, సాయంత్రపు లోటు

సౌర విద్యుత్ మధ్యాహ్నం పొంగి, జనం దీపాలు వేసే వేళకు ఆగిపోతుంది. గాలి దాని ఇష్టమొచ్చినప్పుడు వీస్తుంది. గ్రిడ్ కోడ్ ప్రకారం ఈ కేంద్రాలను గ్రిడ్ భద్రతకు ముప్పు ఉన్నప్పుడు తప్ప ఆపకూడదు. అందువల్ల థర్మల్, జలవిద్యుత్ కేంద్రాలే ఎప్పటికప్పుడు సర్దుకోవాల్సి వస్తోంది.

ఇక్కడే పంపుసెట్టు పాత్ర తిరగబడింది. ఒకప్పుడు అర్ధరాత్రి గ్రిడ్ మీద పడిన బరువు ఇప్పుడు పగటి సౌర విద్యుత్తును పీల్చుకునే సాధనమైంది. వ్యవసాయ ఫీడర్లను వేరుచేసి పగలే కరెంటిస్తే రైతుకు రాత్రి కష్టం తప్పుతుంది, గ్రిడ్‌కు మధ్యాహ్నపు మిగులు కలిసొస్తుంది. 2021లో కేంద్ర ప్రభుత్వ సౌర సంస్థ సెకీ నుంచి యూనిట్‌కు 2.49 రూపాయల చొప్పున 7000 మెగావాట్ల సౌర విద్యుత్ కొనడానికి ఆంధ్రప్రదేశ్ డిస్కంలు ఒప్పందం చేసుకోవడానికి చెప్పిన కారణం కూడా వ్యవసాయానికి పగటి సరఫరాయే.

సాయంత్రం కోసం నిల్వ కావాలి. పగలు నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలే పద్ధతి శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో ముందునుంచే ఉంది. నదితో నిమిత్తం లేకుండా రెండు జలాశయాల మధ్య అదే పని చేసే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకు కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో 2022లో శంకుస్థాపన జరిగింది. 2024లో ఆంధ్రప్రదేశ్, 2025 జనవరిలో తెలంగాణ ప్రకటించిన కొత్త స్వచ్ఛ ఇంధన విధానాలు రెండూ నిల్వకు పెద్ద పీట వేశాయి. ఒకప్పుడు విధానమంతా ఎన్ని గంటలు ఇస్తామన్న మాట చుట్టూ తిరిగేది. ఇప్పుడు అది ఏ గంటలో ఇస్తామన్న మాటకు మారింది.