ఎత్తు, మట్టం: బస్సు ఇల్లుగా మారిన చరిత్రలో ఎయిర్ సస్పెన్షన్

ఉపోద్ఘాతం

తెలుగులో ఎత్తు, మట్టం రెండు వేర్వేరు మాటలు. గోడ ఎంత లేచిందో చెప్పేది ఎత్తు. దాని వరస వాలు లేకుండా ఉన్నదో లేదో రసమట్టం పెట్టి తాపీమేస్త్రీ చెప్పేది మట్టం. మోటారు పరిశ్రమ పరిభాషలో ఈ తేడా ఇంత స్పష్టంగా నిలవలేదు. బస్సు బాడీకీ ఇరుసుకూ మధ్య ఉండవలసిన దూరాన్ని కాపాడే వాల్వును ‘హైట్ కంట్రోల్ వాల్వు’ అనీ, ‘లెవెలింగ్ వాల్వు’ అనీ రెండు పేర్లతోనూ పిలిచారు. ప్రయాణికులను మోసే బస్సు విషయంలో ఈ కలగలుపు వల్ల వచ్చిన చిక్కేమీ లేదు. అదే బస్సులో సీట్లు తీసివేసి మంచం, వంటగది, స్నానాలగది అమర్చి మోటార్‌హోమ్‌గా మార్చుకున్నప్పుడు మాత్రం ఎత్తు వేరు, మట్టం వేరు అన్న సంగతి ఆచరణలో ఎదురైంది. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఉత్తర అమెరికాలో సాగిన ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గాలితిత్తి బస్సులోకి వచ్చిన క్రమం

తొలితరం బస్సులు కమాను కట్టల మీద నడిచాయి. ఉక్కు పట్టీలు నిండు బరువుకు తగినట్లు గట్టిగా ఉంటే ఖాళీ బస్సు ఎగిరెగిరి పడుతుంది. ఖాళీ బస్సుకు తగినట్లు మెత్తగా ఉంటే నిండు బస్సు కుంగిపోతుంది. 41 మంది ప్రయాణికులు ఎక్కితే సామాను కాకుండానే బరువు సుమారు 2,800 కిలోలు పెరుగుతుంది. ఇంత తేడాను ఒకే ఉక్కు కట్ట సమర్థంగా భరించలేదు. లోపలి గాలి ఒత్తిడిని బరువుకు తగినట్లు మార్చగల రబ్బరు గాలితిత్తి దీనికి పరిష్కారంగా కనిపించింది. అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ 1930లలోనే ఈ దిశగా ప్రయోగాలు చేసింది.

దీనికి విస్తృత వాణిజ్య రూపం జనరల్ మోటార్స్ బస్సులతో వచ్చింది. 1953లో వెలువడిన పీడీ-4104 దూరప్రయాణపు బస్సు ఎయిర్ సస్పెన్షన్‌తో తయారైంది. ఆ పేరులో ‘41’ సీట్ల సంఖ్యను తెలుపుతుంది. మరుసటి ఏడాది గ్రేహౌండ్ బస్సు సంస్థ కోసం ప్రత్యేకంగా నిర్మాణం మొదలైన సీనిక్రూయిజర్ కూడా గాలి మీదనే నడిచింది. 1956 నాటికి ఇవి 1,001 తయారయ్యాయి.

కార్లలో ఇదే ప్రయత్నం అంతగా నిలవలేదు. 1957 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లోనూ, 1958లో జనరల్ మోటార్స్ ఇతర కార్లలోనూ ఎయిర్ సస్పెన్షన్ వచ్చినా, కొద్దికాలానికే వెనక్కి తగ్గింది. బస్సులో నిలిచి కారులో నిలవకపోవడానికి కారణం సాంకేతికత ఒక్కటే కాదు. బస్సులో బ్రేకుల కోసం కంప్రెసర్, గాలి ట్యాంకులు ముందే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి బస్సు వెనుకా ఒక డిపో ఉంది. గాలి కారుతున్న చోటును పసిగట్టి, వాల్వును సరిచూసి, తిత్తిని మార్చే మెకానిక్కు ఆ డిపోలో ఉన్నాడు. ఎయిర్ సస్పెన్షన్ విజయంలో ఈ కనిపించని శ్రమకు పెద్ద భాగం ఉంది.

ఎత్తు వాల్వు స్వభావం

వాల్వును బాడీకి బిగిస్తారు. దాని చేతిని ఒక కడ్డీ ద్వారా ఇరుసుకు కలుపుతారు. బరువు పెరిగి బాడీ కుంగితే చేయి పైకి లేచి తిత్తిలోకి గాలి వెళుతుంది. బరువు తగ్గి బాడీ లేస్తే చేయి దిగి గాలి బయటికి పోతుంది. రోడ్డు మీద ప్రతి గుంతకూ స్పందించకుండా ఈ చర్య కొంత ఆలస్యంగా జరిగే ఏర్పాటు ఉంటుంది.

బస్సుకు నాలుగు మూలలున్నా ఈ వాల్వులు సాధారణంగా మూడే ఉంటాయి: ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు రెండు. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయి. నాలుగో వాల్వు పెడితే అవి ఒకదానితో ఒకటి పోటీపడి, ఒకటి నింపుతుంటే మరొకటి వదులుతూ గాలిని వృథా చేస్తాయి. అందువల్ల ఒకే వాల్వు ఉన్న ఇరుసుపై రెండు వైపుల తిత్తులకూ ఒకే ఒత్తిడి అందుతుంది. పక్కకు ఒరిగే గుణాన్ని సరిదిద్దే పని రెండు వాల్వులున్న ఇరుసుదే.

ఈ ఏర్పాటుకు భూమి సంగతి తెలియదు. దానికి తెలిసినది బాడీకీ ఇరుసుకూ మధ్య ఉన్న దూరం మాత్రమే. వాలు నేల మీద ఆగిన బస్సులో వాల్వులన్నీ సరిగ్గా పనిచేస్తే బస్సు నేలతోపాటు వాలే ఉంటుంది.

డిపో నుంచి పెరట్లోకి

సంస్థలు కొత్త బస్సులు కొన్నప్పుడల్లా పాతవి అమ్మకానికి వచ్చాయి. ఎక్కువ దూరాలు తిరిగేందుకు కట్టిన గట్టి బాడీ, డీజిల్ ఇంజన్, సామాను అరలు ఉన్న ఈ బస్సులు సొంతంగా ఇల్లు కట్టుకోదలచినవారిని ఆకర్షించాయి. 1963 జూలై 20న సూర్యగ్రహణం చూడడానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో 26 కుటుంబాలు తమ వాహనాలతో కలుసుకున్నాయి. ఆ కలయికలోనే ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ పుట్టింది. బస్సును ఇల్లుగా మార్చుకున్నవారికి ఇలాంటి సంఘాలు ఎందుకు అవసరమయ్యాయన్న ప్రశ్నకు జవాబు పై చర్చలోనే ఉంది. బస్సు చేతులు మారింది గాని డిపో దానితో రాలేదు. మెకానిక్కు చేతిలోని పనితనం యజమాని స్వయంగా నేర్చుకోవలసిన విద్య అయింది.

శీతలయంత్రం అడిగిన మట్టం

మోటార్‌హోమ్‌కు మట్టం అవసరం నిద్ర సుఖం కోసమే కాదు. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ రూపొందించిన అబ్సార్ప్షన్ రిఫ్రిజిరేటర్ కరెంటు లేనిచోట కూడా వేడితోనే చల్లదనం ఇవ్వగలదు. అందుకే గ్యాసుతో నడిచే రూపంలో అది మోటార్‌హోమ్‌లలో స్థిరపడింది. దానిలో పంపు లేదు. అమ్మోనియా కలిసిన ద్రవం భూమ్యాకర్షణ వల్లనే తిరిగి బాయిలర్‌కు చేరాలి. వాహనం చాలాసేపు ఒరిగి ఉంటే ద్రవం ఒకచోట నిలిచి, బాయిలర్ పొడిబారి, అతిగా వేడెక్కి గొట్టం శాశ్వతంగా పాడవుతుంది. ప్రయాణంలో వాలు క్షణక్షణం మారుతూ ఉంటుంది గనుక అంత ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఆగి ఉన్నప్పుడే. ఎత్తు నడిచే బస్సు అవసరం కాగా, మట్టం ఆగిన ఇంటి అవసరమైంది.

రెండు సర్దుబాట్లు

ఈ అనుభవం నుంచి రెండంచెల పద్ధతి రూపుదిద్దుకున్నది. మొదటిది ప్రయాణపు ఎత్తు. ఇది రసమట్టంతో చూసేది కాదు, తయారీదారు నిర్ణయించిన కొలతతో చూసేది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం, షాక్ అబ్జార్బర్ కదలిక, ఇరుసును పట్టి ఉంచే కడ్డీల అమరిక ఈ కొలత మీద ఆధారపడతాయి. ఇంధనం, నీళ్లు, సామాను యథాతథంగా నింపి, చదునైన గచ్చు మీద నిలిపి, గాలి ఒత్తిడి పూర్తిగా ఎక్కిన తరువాత కొలవాలి. ఒక కొసను సర్దితే మరో కొస కొంత మారుతుంది గనుక కొలత తిరిగి తిరిగి చూడవలసిందే.

ఇక్కడ వాల్వు ఒక లోపాన్ని దాచిపెడుతుంది. 100 అమెరికన్ గ్యాలన్ల నీటి ట్యాంకు నిండితే సుమారు 378 కిలోలు. దానిని, జనరేటర్‌ను, బ్యాటరీలను ఒకే పక్కన అమర్చితే ఆ వైపు వాల్వు ఎక్కువ గాలి పంపి బాడీని నిలబెడుతుంది. చూడడానికి వాహనం సమంగానే ఉంటుంది, కాని ఆ వైపు టైర్లు అధిక భారం మోస్తుంటాయి. బాడీ నిటారుగా ఉన్నంత మాత్రాన బరువు సమంగా పంచబడినట్లు కాదు. ఒక్కొక్క చక్రం బరువును విడిగా తూచడం ఇందుకే అవసరం.

రెండవది విడిది మట్టం. దీనికోసం ఎత్తు వాల్వులను తిత్తుల నుంచి సొలినాయిడ్ వాల్వులతో తాత్కాలికంగా విడదీసి, మూడు భాగాలకూ విడివిడిగా గాలి నింపే, వదిలే మార్గాలు కల్పించారు. కెనడాలోని ప్రెవో సంస్థ మోటార్‌హోమ్‌ల కోసమే ఖాళీ బాడీలు అందించడంతో ఇలాంటి ఏర్పాటు పెరటి పని స్థాయి నుంచి కర్మాగారపు స్థాయికి చేరింది. దీనికీ హద్దు ఉంది. ఇరుసుల మధ్య దూరం 24 అడుగులు అనుకుంటే 1 డిగ్రీ వాలుకే ముందు వెనుకల మధ్య 5 అంగుళాల తేడా వస్తుంది. తిత్తుల కదలిక కొద్ది అంగుళాలే గనుక స్థలాన్ని ఎంచుకోవడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం తప్పలేదు. రాత్రి చలికి గాలి సంకోచిస్తుంది. బరువు మారదు గనుక ఒత్తిడి నిలిచి ఘనపరిమాణం తగ్గుతుంది. 30 డిగ్రీల నుంచి 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే ఈ తగ్గుదల సుమారు 6.6 శాతం. ఏ లీకూ లేకున్నా తెల్లవారేసరికి వాహనం కొంత దిగి ఉండడానికి కారణమిదే. బయలుదేరే ముందు వాల్వులను తిరిగి కలిపి ప్రయాణపు ఎత్తుకు రప్పించడం మరచిపోతే, విడిది కోసం చేసిన సర్దుబాటే రోడ్డు మీద ముప్పు అవుతుంది.

కింద దూరేవారి ప్రాణం

ఈ రెండు సర్దుబాట్లలోనూ మనిషి బస్సు కిందికి వెళ్లక తప్పని ఘట్టం ఒకటుంది. టన్నుల బరువున్న బాడీ గాలి మీద నిలిచి ఉంటుంది. తిత్తి పగిలినా, గొట్టం ఊడినా, వాల్వు కడ్డీని కదిపినా అది హెచ్చరిక లేకుండా దిగుతుంది. దిగిన తరువాత కింద మనిషికి చోటు మిగలకపోవచ్చు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. తయారీదారు సూచించిన చోట్ల బరువుకు తగిన ఉక్కు స్టాండ్లు పెట్టి, చక్రాలు కదలకుండా అడ్డుకట్టలు వేశాకే కిందికి వెళ్లాలి. డిపోలో ఈ నియమాన్ని అమలు చేయించే పైఅధికారి ఉండేవాడు. పెరట్లో ఒంటరిగా పనిచేసే యజమానికి ఆ కాపలా లేదు. డిపో నుంచి ఇంటికి చేరిన విద్యలో మొదట జారిపోయే అవకాశం ఉన్నది ఈ క్రమశిక్షణే.

ముగింపు

1995లో ప్రెవో సంస్థను వోల్వో, హెన్లీస్ సంస్థలు కలిసి కొన్నాయి. అదే వోల్వో తయారు చేసిన బీ7ఆర్ బస్సు 2001లో భారతదేశానికి వచ్చింది. ‘గరుడ’ పేరుతో ఆర్టీసీ నడిపిన వోల్వో బస్సుల్లో తెలుగు ప్రయాణికులు ఎయిర్ సస్పెన్షన్ సుఖాన్ని ఎరిగారు. నగరాల లో-ఫ్లోర్ బస్సు స్టాపులో ప్రయాణికుడి కోసం ఒక పక్కకు వంగడం కూడా తిత్తిలోని గాలిని కొంత వదలడమే. అమెరికాలో బస్సును ఇల్లుగా మార్చుకున్నవారు నేర్చిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది. వాహనాన్ని అసలు పనినుంచి మళ్లించి కారవాన్‌గా మార్చేటప్పుడు యంత్రం ఒక్కటే చేతికి వస్తుంది; దానిని సురక్షితంగా నిలిపిన డిపో జ్ఞానాన్ని వేరుగా సంపాదించుకోవాలి. ఎత్తును టేపుతో, మట్టాన్ని రసమట్టంతో, బరువును కాటాతో వేర్వేరుగా చూడడం ఆ జ్ఞానంలో మొదటి మెట్టు.